ఔట్‌హౌస్‌కి వైఫై: మెష్ కొనేముందు పెరట్లో ఒక పైపు వేయించండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాదు సైనిక్‌పురిలో 1000 గజాల పాత ఇల్లు. రూటరు ముందు హాల్లో ఉంది. ఇంటి వెనక గోడకి 60 అడుగుల దూరంలో, పెరటి చివర ఔట్‌హౌస్. పొద్దున్నే 6 గంటలకి మీ శ్రీమతి గారు అక్కడ కూర్చుని అమెరికాలో ఉన్న పిల్లలకి వీడియో కాల్‌లో సంగీతం నేర్పుతారు. 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నారు, వంటింటి వెనక గోడకి రిపీటర్ (రూటరు సిగ్నల్ని అందుకుని ముందుకు పంపే పెట్టె) పెట్టారు. ఫోన్లో గీతలన్నీ నిండుగా ఉంటున్నాయి, అయినా ఆవిడ గొంతు తెగి తెగి వినిపిస్తోందని పిల్లల తల్లిదండ్రులు అంటున్నారు. 12,000 పెట్టి మెష్ (రెండు మూడు వైఫై పెట్టెలు కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే సెట్టు) కొందామనుకుంటున్నారు, ఏ కంపెనీది మంచిదని అడిగారు.

ఇంకా కొనకపోతే దయచేసి ఆగండి. ఇలాంటి ఇళ్లలో 16 ఏళ్లుగా కేబుళ్లు లాగుతున్నాను. మీ పరిస్థితిలో నేనైతే ఆ డబ్బుతో పెరట్లో పైపు వేయించి, అందులోంచి ఒక కేబులు ఔట్‌హౌస్ దాకా తీసుకెళ్తాను. ఆ గదిలోనే కొత్తగా వైఫై పుట్టిస్తాను. ఒకసారి చేయిస్తే పదేళ్లు దాని గురించి ఆలోచించనక్కర్లేదు. ఎందుకో, ఎలాగో వివరంగా చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నిండు గీతల సంగతి. ఫోన్లో కనిపించే గీతలు మీ ఫోనుకీ రిపీటర్‌కీ మధ్య సిగ్నల్ ఎలా ఉందో మాత్రమే చెబుతాయి. రిపీటర్‌కీ హాల్లో ఉన్న రూటరుకీ మధ్య ఏం జరుగుతోందో వాటిలో కనిపించదు. మీ రిపీటర్ ఉన్న చోటు చూడండి. దాని వెనక వంటగది, ఫ్రిజ్, ఒకటో రెండో 9 అంగుళాల ఇటుక గోడలు, ఆ తర్వాతే హాలు. అది రూటరు మాట సగమే వింటోంది. విన్న సగాన్ని గట్టిగా అరిచి ఔట్‌హౌస్‌కి చెబుతోంది. పైగా మామూలు రిపీటర్ వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో వాడుతుంది కాబట్టి అక్కడికే వేగం సగానికి పడిపోతుంది.

ఇంకొకటి, ఆ గీతలు ఒకవైపు కబురే చెబుతాయి. రిపీటర్ పెట్టె గొంతు ఫోనుకి ఎంత బాగా వినబడుతోందన్నదే అది. మీ ఇంట్లో కష్టం ఎదురుదిక్కున ఉంది. పాఠం చెప్పేవాళ్ల గొంతు, బొమ్మ ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్లాలి. ఫోను, ల్యాప్‌టాప్‌లలోని రేడియో రూటరు రేడియో కన్నా బలహీనం. పెట్టె మాట ఫోనుకి వినబడినంత బాగా ఫోను మాట పెట్టెకి వినబడదు. అందుకే ఆవిడకి పిల్లలు చక్కగా కనిపిస్తూనే ఉంటారు, పిల్లలకి మాత్రం ఆవిడ పాట ముక్కలు ముక్కలుగా చేరుతుంది. యూట్యూబ్ బాగా ఆడుతోంది కదా, ఇదెందుకు ఆడదని చాలామంది అడుగుతారు. యూట్యూబ్ ముందుగానే కొంత వీడియో దింపుకుని పెట్టుకుంటుంది, మధ్యలో 2 సెకన్లు నెట్ పోయినా తెలియదు. ఎదురెదురుగా కూర్చుని పాడే పాఠంలో ఆ 2 సెకన్లలో ఒక గమకం మొత్తం ఎగిరిపోతుంది.

ప్లాన్ పెంచుకుంటే పోతుందేమో అని కూడా రాశారు. వద్దు. మంచి నాణ్యత ఉన్న వీడియో కాల్‌కి 3, 4 ఎంబీపీఎస్ చాలు. మీ దగ్గర 200 ఉంది. ఇక్కడ కావాల్సింది తెగకుండా, ఆలస్యం ఒకేలా ఉండే దారి. అది ఉంటే 50 ఎంబీపీఎస్ ప్లాన్‌లో కూడా పాఠం హాయిగా నడుస్తుంది.

ఏదైనా కొనేముందు, తవ్వేముందు, ఒక్క పరీక్ష చేయండి. ల్యాప్‌టాప్ తీసుకుని ఔట్‌హౌస్‌లో ఆవిడ కూర్చునే చోటే కూర్చోండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రూటరు అడ్రస్‌ని పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. విండోస్‌లో ping, ఆ అడ్రస్, చివర -t అని కొడితే ఆగకుండా నడుస్తుంది, రెండు నిమిషాలు నడవనివ్వండి. ప్రతి వరుసలో 2, 3, 5 మిల్లీసెకన్లు అని వస్తుంటే ఇంట్లో దారి బాగున్నట్టు. 4, 6 వచ్చి ఉన్నట్టుండి 280కి ఎగిరి, మధ్యలో టైమ్‌డ్ అవుట్ అని వస్తుంటే జబ్బు మీ పెరట్లోనే ఉంది. రూటరు దాకా బాగుండి బయటి అడ్రస్‌కి (google.com లాంటిదానికి) మాత్రమే ఎగురుతుంటే అది కనెక్షన్ ఇచ్చినవాళ్ల సంగతి, అప్పుడు మీరు పెరడంతా తవ్వినా ఉపయోగం లేదు. పాఠం జరిగే 6 గంటలకే ఈ పరీక్ష చేయండి. మధ్యాహ్నం చేసి బాగుందనుకుంటే మోసపోతాం.

మీరు రాసినదాన్ని బట్టి నాకైతే పెరటిదే అనిపిస్తోంది. 60 అడుగుల ఖాళీ జాగా వైఫైకి లెక్కలోది కాదు. మైదానంలో అయితే అంతకు మూడు రెట్లు కూడా పోతుంది. అడ్డం పడేది గోడలు. కాంక్రీటు పిల్లర్లో ఇనుప చువ్వలు, వంటింట్లో గ్రానైట్ బండ, ఫ్రిజ్, స్టీలు బీరువా, నీళ్లున్న ట్యాంకు, ఇవన్నీ సిగ్నల్ని మింగేస్తాయి లేదా వెనక్కి కొడతాయి. అవతల మీ ఔట్‌హౌస్‌కి రేకుల కప్పు, కిటికీకి ఇనుప గ్రిల్లు, తలుపు కూడా ఇనుపదే అన్నారు. ఆ గది ఒక రకంగా రేకు డబ్బా. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది కానీ గోడల్ని సరిగా దాటలేదు. 2.4 గిగాహెర్ట్జ్ కాస్త దాటుతుంది, అయితే మీ కాలనీలో ప్రతి ఇంటి రూటరూ అందులోనే అరుస్తుంటుంది.

ఇప్పుడు మెష్ ఎందుకు వద్దంటున్నానో అర్థమై ఉంటుంది. మెష్ చెడ్డదని కాదు. మూడంతస్తుల ఇంట్లో, ఒకే కప్పు కింద, నేను కూడా పెట్టిస్తాను. కానీ మెష్‌లో రెండో పెట్టె కూడా మొదటి పెట్టెతో గాల్లోనే మాట్లాడుకోవాలి. దాన్ని వంటింట్లో పెడితే మీ రిపీటర్ కథే, ఔట్‌హౌస్‌లో పెడితే రేకు డబ్బా కథ. ఖరీదైన పెట్టెకైనా అవే గోడలు. అదే మెష్ పెట్టెల మధ్య కేబులు కలిపితే అద్భుతంగా పనిచేస్తుంది. అయితే కేబులు వేశాక మెష్ అవసరమే ఉండదు, మీ అటక మీద ఉన్న పాత రూటరు సరిపోతుంది.

ఇక పని దగ్గరికి వద్దాం.

దారి ఎంచుకోవడంలో తొందరపడకండి. హాల్లోంచి వెనక గోడ దాకా ఇంటి లోపల ఒక 50 అడుగులు, పెరట్లో 60 అడుగులు, ఎక్కడం దిగడం, మలుపులు కలుపుకుంటే మొత్తం 45 మీటర్ల లోపే తేలుతుంది. నెట్‌కి వాడే క్యాట్ 6 రకం కేబులు 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ (గిగాబిట్) పూర్తి వేగంతో నడుస్తుంది కాబట్టి దూరం గురించి టెన్షన్ వద్దు. 60 మీటర్లు కొనండి. మిగిలితే చుట్టి పెట్టుకోవచ్చు, 2 మీటర్లు తగ్గితే మధ్యలో అతుకు వేయాల్సి వస్తుంది. భూమిలో ఉన్న అతుకు మీకు జీవితాంతం తలనొప్పి.

కేబుల్ని చెట్టుకీ గోడకీ కట్టి గాల్లో వేలాడదీయవద్దు. మీ వైపు కోతులు ఎక్కువ, వాటికి వేలాడే తీగ ఊయల. కోతులు వదిలినా ఎండ వదలదు. ఇంటి లోపల వాడే కేబులు మీద ఉండే తొడుగు రెండు వేసవులకి తెల్లగా పొడిబారి పగులుతుంది, వానాకాలంలో ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి.

భూమిలోంచే తీసుకెళ్లండి. పెరట్లో నడవడానికి తాండూరు బండలు పరిచి ఉన్నాయన్నారు, అది మీ అదృష్టం. కాంక్రీటు పగలగొట్టే పని లేదు. ఒక వరస బండలు లేపించి, కింద అడుగున్నర లోతు తవ్వించి, పైపు వేసి, మట్టి కప్పి, మళ్లీ అవే బండలు పరిపించవచ్చు. కూలీ ఒక్కరోజు పని. మన హైదరాబాదులో ఒక్కటే ఇబ్బంది, మొరం తవ్వుతుంటే గడ్డపారకి ఠంగుమని బండ తగులుతుంది. తగిలితే దాన్ని పగలగొట్టే పట్టుదలకి పోకండి, పక్కనుంచి తిప్పండి. తవ్వే ముందు బోరు నుంచి వచ్చే నీళ్ల పైపు, సంపు, డ్రైనేజీ, మోటారు వైరు ఎటు పోతున్నాయో తెలిసినవాళ్లని అడగండి. పాత ఇళ్లలో కరెంటు వైరు పైపు కూడా లేకుండా మట్టిలో పడి ఉండటం నేను కళ్లారా చూశాను. తవ్వేటప్పుడు ఔట్‌హౌస్ మెయిన్ ఆపేయండి.

పైపు 1 అంగుళం తక్కువ కాకుండా తీసుకోండి. నల్లటి హెచ్‌డీపీఈ చుట్ట దొరికితే మేలు, మధ్యలో అతుకులుండవు. పీవీసీ అయితే మలుపుల్లో నీళ్ల పైపుకి వాడే ఎల్బో పెట్టనివ్వకండి, ప్లంబర్లు అలవాటుగా అదే పెట్టేస్తారు. అక్కడ కేబులు మడతపడి ఇరుక్కుంటుంది. పొడుగ్గా వంగే బెండు అడగండి. రెండు చివర్లూ నేల మీదికి ఒక అడుగైనా లేవాలి, నోరు కిందికి వంగి ఉండాలి. గోడలోకి కేబులు వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదిలితే వాన నీళ్లు ఆ వంపు దగ్గరే జారి పడిపోతాయి, గదిలోకి రావు. ఆ తర్వాత రంధ్రాలు సిలికాన్‌తో మూసేయండి. ఎలుకలకి వేలు దూరేంత సందు చాలు.

కేబులుతో పాటు ఒక నైలాన్ తాడు కూడా పైపులో లాగి, రెండు చివర్లా కట్టి వదిలేయండి. తాడు ధర మీకు గుర్తు కూడా ఉండదు. రేపు కెమెరా పెట్టాలన్నా, ఈ కేబులు పాడైనా, ఆ తాడుకి కొత్తది కట్టి అటునుంచి లాగితే 10 నిమిషాల్లో పని అవుతుంది. నా మొదటి రెండేళ్లలో తాడు వదలకుండా వేసిన ఒక ఇంట్లో, తర్వాత ఒక్క కేబులు కోసం తోటంతా మళ్లీ తవ్వాల్సి వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన చేతులతో పెంచుకున్న మల్లెపొదలు రెండు పోయాయి. ఆ రోజు నుంచి తాడు లేకుండా పైపు మూయలేదు.

కరెంటు వైరుని ఇదే పైపులో వేయించుకోవద్దు. ఎలక్ట్రీషియన్ ఎంత చెప్పినా సరే. 230 వోల్టుల తొడుగు ఎక్కడైనా దెబ్బతింటే అది నేరుగా మీ ల్యాప్‌టాప్ దాకా వస్తుంది. పక్కపక్కనే వేయాల్సి వస్తే ఒక అడుగు ఎడం ఉంచి వేరే పైపులో వేయండి. ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించండి.

ఇప్పుడు కేబులు. అందరూ మోసపోయేది ఇక్కడే, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. అడగాల్సింది క్యాట్ 6, అవుట్‌డోర్ రకం, పూర్తి రాగి. బజార్లో సీసీఏ అని ఒకటి దొరుకుతుంది. లోపల అల్యూమినియం, పైన రాగి పూత. డబ్బా మీద క్యాట్ 6 అనే పెద్ద అక్షరాలు ఉంటాయి, సీసీఏ అని ఎక్కడో చిన్నగా ఉంటుంది, కొన్నిటి మీద అదీ ఉండదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ బజారు సీటీసీలో కొన్నా, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, డబ్బులిచ్చే ముందు ఒక జానెడు ముక్క కోసి ఇవ్వమనండి. తొడుగు ఒలిచి ఒక సన్న తీగ బయటికి తీయండి. బ్లేడు అంచుతో దాని మీద గీకండి. అసలు రాగి అయితే ఎంత గీకినా లోపల ఎర్రగానే ఉంటుంది. సీసీఏ అయితే రెండు గీతలకే కింద వెండిలా తెల్లగా మెరుస్తుంది. అదే తీగని అటూ ఇటూ వంచి చూడండి. రాగి చాలాసార్లు వంగుతుంది, అల్యూమినియం కొద్ది మడతలకే పుటుక్కున తెగుతుంది. చేతిలో పట్టుకుంటేనే బరువు తేడా తెలుస్తుంది. రెండేళ్ల కిందట నేను కూడా హడావిడిలో ఒక షాపులో చూడకుండా ఒక కట్ట తెచ్చేశాను. మొదటి నెల బాగానే నడిచింది, వానలు పడ్డాక ఒక్కో తీగా చివర్లో తెల్లగా పూసి విరిగింది. మొత్తం నా ఖర్చుతో మార్చి ఇచ్చాను.

అవుట్‌డోర్ రకం ఎందుకంటే, పైపులోకి నీళ్లు రావు అనుకుంటాం గానీ వస్తాయి. వాన నీళ్లు రాకపోయినా రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలో తేమ చెమటలా పడుతుంది. నల్లటి పాలిథిన్ తొడుగు ఉన్నది, లోపల జిగురు నింపింది దొరికితే ఇంకా మంచిది.

చివర్లు బిగించడం కేబులు టీవీ కుర్రాడికో సీసీ కెమెరా కుర్రాడికో అప్పజెబితే పక్కన నిలబడి చూడండి. లోపల 8 సన్నతీగలు, రెండేసి మెలిపెట్టి 4 జతలుగా ఉంటాయి. వరస ఇది: నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. మధ్యలో ఆకుపచ్చ జత విడిపోయి నీలం జతకి అటొకటి ఇటొకటి కూర్చోవడం చూసి కొందరు పొరపాటనుకుంటారు, రంగుల ప్రకారం జత జతగా వరసగా పెట్టేస్తారు. రెండు చివర్లా అదే తప్పు చేస్తే టెస్టర్ మీద 1 నుంచి 8 దాకా దీపాలన్నీ వరసగా వెలుగుతాయి, పని అయిపోయిందని డబ్బులు తీసుకుని వెళ్లిపోతారు. కానీ మెలిపెట్టిన జత అక్కడ జతగా పనిచేయదు, ఒక సంకేతం ఇంకోదానిలోకి కారుతుంది, వేగం రాదు. కాబట్టి టెస్టర్ దీపాల్ని నమ్మకండి. ల్యాప్‌టాప్‌కి కేబులు పెట్టి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 1000 ఎంబీపీఎస్ ఉంటే 4 జతలూ బాగున్నట్టు. 100 చూపిస్తే ఎక్కడో ఒక తీగ చివరి దాకా తగల్లేదు, ఎందుకంటే 100కి 2 జతలు చాలు, 1000కి 4 జతలూ కావాలి. ఆ పారదర్శకంగా ఉండే ప్లగ్గుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ముందు వైపు నుంచి చూడండి. 8 రాగి చుక్కలు కనబడాలి. 7 కనబడి ఒకచోట చీకటిగా ఉంటే ఆ తీగ లోపల పొట్టిగా ఉండిపోయింది. కోసేసి మళ్లీ బిగించమనడమే. ఇంకా బాగా చేయించాలంటే గోడలో ల్యాన్ పాయింట్ (నెట్ కేబులు సాకెట్టు) పెట్టించి, అక్కణ్ణుంచి చిన్న రెడీమేడ్ కేబులు వాడండి.

పిడుగుల సంగతి కూడా చెప్పాలి. మనకి ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉన్నట్టుండి మబ్బు కమ్మి ఉరుములు మొదలవుతాయి. పిడుగు మీ ఇంటి మీద పడనక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడ పడినా, రెండు కట్టడాల మధ్య పొడుగ్గా ఉన్న రాగి తీగలో ఒక్కసారిగా వోల్టేజీ పుడుతుంది. కొన్నేళ్ల కిందట కాప్రా వైపు ఒక ఇంట్లో, వాన వెలిశాక వెళ్లి చూస్తే, ఔట్‌హౌస్ రూటరు, ఇంట్లో నెట్‌వర్క్ స్విచ్ (ఒక నెట్ కేబుల్ని చాలా పరికరాలకి పంచే డబ్బా), దానికి కలిపిన టీవీ, మూడూ పోయాయి. స్విచ్ మూత తీస్తే పోర్టు వెనక ఉన్న చిన్న నల్లటి ట్రాన్స్‌ఫార్మర్ పగిలి చుట్టూ మసి పట్టి ఉంది. ఆ ఇంట్లో ఔట్‌హౌస్ అద్దెకిచ్చారు, దానికి వేరే మీటరు, వేరే ఎర్తు. రెండు చోట్లా ఎర్తు వేరైతే పిడుగు సమయంలో రెండింటి మధ్యా తేడా ఇంకా పెరుగుతుంది, ఆ తేడా మన కేబులు గుండానే ప్రవహించడానికి చూస్తుంది.

అందుకని నా పద్ధతి ఇది. ఔట్‌హౌస్‌కి కరెంటు ఇంటి మీటరు నుంచే, అదే ఎర్తుతో వెళ్తుంటే, పక్కన తాటిచెట్టో కొబ్బరిచెట్టో పొడుగ్గా లేకపోతే, రాగి కేబులే వేస్తాను. రెండు చివర్లా ఈథర్‌నెట్ సర్జ్ ప్రొటెక్టర్ (నెట్ కేబులులో ఉన్నట్టుండి పెరిగే వోల్టేజీని ఎర్తుకి మళ్లించే డబ్బా) పెట్టి దాన్ని ఎర్తుకి కలుపుతాను. ఎర్తు లేకుండా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టడం వృథా, కాబట్టి ముందు మీ ఎర్తు పిట్ బతికుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీటరు వేరైతే రాగి మానేసి ఫైబర్ వేస్తాను. గాజు తీగలో కరెంటు పారదు, పిడుగుతో పేచీయే లేదు. రెండు చివర్లా ఫైబర్ కాంతిని మామూలు నెట్ కేబులు సంకేతంగా మార్చే మీడియా కన్వర్టర్ అనే చిన్న డబ్బాలు పెట్టాలి. ఒకే ఫైబర్ పోగు మీద నడిచే రకంలో అవి ఏ, బీ అని జతగా వస్తాయి. ఒకటి 1310 నానోమీటర్ల కాంతిలో పంపితే రెండోది 1550లో పంపుతుంది. రెండూ ‘ఏ’ రకమే కొనుక్కొస్తే ఒకదానితో ఒకటి మాట్లాడవు, ఆ పొరపాటు తరచూ జరుగుతుంది. ఫైబర్‌లో ఇనుప తీగ లేని రకం అడగండి. మామూలు డ్రాప్ కేబులే దొరికితే, మోసే ఇనుప తీగని రెండు చివర్లా గది బయటే కత్తిరించేయండి. చివరని కంటికి ఎదురుగా పెట్టి చూడవద్దు, కాంతి కనబడదు గానీ కంటికి మంచిది కాదు.

అలా అని అందరికీ ఫైబరే ఎందుకు చెప్పనంటే, రాగిలో ఇంకో సుఖం ఉంది. నెట్‌తో పాటు కరెంటు కూడా అదే కేబులులో పంపవచ్చు, దాన్ని పీఓఈ అంటారు. పొద్దున 6కి పాఠం నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి. ఇంట్లో రూటరు ఇన్వర్టర్ మీద బతికే ఉంటుంది. ఔట్‌హౌస్‌కి ఇన్వర్టర్ లైను లేకపోతే అక్కడి పెట్టె చచ్చిపోతుంది. పీఓఈతో నడిచే పెట్టె అక్కడ ఉంటే ఇంట్లో ఇన్వర్టర్ నుంచే దానికి కరెంటు అందుతుంది, పాఠం ఆగదు. కొనేటప్పుడు 802.3ఏఎఫ్ లేదా ఏటీ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఆ రకం ముందు అవతలి పెట్టెకి కరెంటు కావాలా అని కనుక్కుని అప్పుడే ఇస్తుంది. ప్యాసివ్ అని చవగ్గా దొరికేవి ఏమీ అడగకుండా 24 లేదా 48 వోల్టులు కొట్టేస్తాయి, తప్పు పెట్టెకి తగిలితే అది కాలిపోతుంది. ఫైబర్ వేస్తే మాత్రం ఔట్‌హౌస్ పెట్టెకి, కన్వర్టర్‌కి ఒక చిన్న 12 వోల్టుల రూటర్ యూపీఎస్ పెట్టుకోండి. రెండు డబ్బాలూ 12 వోల్టులవేనా అని అడాప్టర్ మీద చూసి మరీ కొనండి.

పాత రూటరుని అక్కడ పెట్టడం ఎలాగంటే, అడాప్టర్ పెట్టి ల్యాప్‌టాప్ కలిపి దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (కేబులులో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పద్ధతి) అని ఉంటే అదే ఎంచుకోండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది. లేకపోతే దాని అడ్రస్‌ని మెయిన్ రూటరు వరసలోనే 192.168.1.2 లాంటిదానికి మార్చండి, డీహెచ్‌సీపీ (పరికరాలకి అడ్రస్‌లు పంచే పని) ఆపేయండి, ఇంటి నుంచి వచ్చిన కేబుల్ని వాన్ అని రాసి ఉన్న రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రాల్లో ఒకదానిలో పెట్టండి. సెట్టింగ్స్ మార్చకుండా వాన్‌లో పెడితే నెట్ రావచ్చు గానీ ఇంట్లో ఒక లోకం, ఔట్‌హౌస్‌లో ఒక లోకం అయిపోతుంది, హాల్లో ప్రింటర్ అక్కణ్ణుంచి కనబడదు. వాడేముందు దాని పోర్టులు గిగాబిట్‌వో కాదో, 5 గిగాహెర్ట్జ్ ఉందో లేదో చూసుకోండి. మీ పాఠానికి 100 ఎంబీపీఎస్ పోర్టయినా చాలు, కాబట్టి కొత్తది కొనే తొందర లేదు.

వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే పెట్టండి. 2.4లో ఇంటికి 1వ ఛానల్, ఔట్‌హౌస్‌కి 6 లేదా 11, రెండు చోట్లా ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. మీరు నడుచుకుంటూ వెళ్లినప్పుడు ఫోను ఇంటి రూటరు సిగ్నల్ని జిడ్డులా పట్టుకుని వదలకపోతే ఇంటి రూటరు 2.4 పవర్‌ని మీడియంకి తగ్గించండి. వంటింటి రిపీటర్ తీసేయడం మర్చిపోవద్దు. పెట్టెని రేకులకి ఆనించి పైన బిగించకండి. మే నెలలో రేకు కింద వేడి భరించరానిది, చాలా రూటర్లు 40 డిగ్రీల దాకానే అని వాటి కాగితం మీదే రాసి ఉంటుంది. గోడకి తల ఎత్తులో, గాలి ఆడే చోట పెట్టండి. పాఠం చెప్పే ల్యాప్‌టాప్‌ని మాత్రం వైఫై మీద వదలకుండా, ఆ రూటరు నుంచి చిన్న కేబులుతో కలపమని నా మనవి. గదిలో కూడా గాల్లో సిగ్నల్ అవసరం లేకుండా పోతుంది.

తవ్వడం అస్సలు కుదరదంటే, ఇంటి పైకప్పు మీద ఒకటి, ఔట్‌హౌస్ గోడకి ఒకటి, ఎదురెదురుగా చూసుకునే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి పెట్టవచ్చు. అద్దె ఇళ్లలో నేను అదే చెబుతాను. రెండింటి మధ్య చూపు ఆనాలి, చుట్టూ అర మీటరైనా ఖాళీ ఉండాలి. ఒకసారి ఫిబ్రవరి చివర్లో, వేపచెట్టు ఆకు రాల్చి బోడిగా ఉన్నప్పుడు దాని కొమ్మల మధ్యనుంచి పెట్టాను, బ్రహ్మాండంగా పనిచేసింది. ఉగాది వెళ్లి చెట్టు నిండా ఆకు వచ్చేసరికి లింకు సగానికి పడింది, తొలకరికి తడి ఆకులతో పూర్తిగా పోయింది. మీ పెరట్లో మామిడి ఉందన్నారు, దాని ఆకు ఏడాదంతా ఉంటుంది, కాబట్టి కొమ్మల కిందినుంచో పక్కనుంచో చూపు చూసుకోవాలి.

కరెంటు వైర్లలోంచే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు కూడా మీరు అడిగారు. మీది త్రీ ఫేజ్ కనెక్షన్. హాలు ఒక ఫేజు మీద, ఔట్‌హౌస్ ఇంకో ఫేజు మీద ఉంటే సిగ్నల్ సరిగా దాటదు, మధ్యలో ఇన్వర్టర్ ఉంటే ఇంకా కష్టం, బోరు మోటారు వేసినప్పుడల్లా తెగుతుంది. సంగీతం పాఠానికి నేను చెప్పను.

పైపు వేశాక, మట్టి కప్పకముందే, గోడ మూల నుంచి టేపు పట్టి కొలత కనిపించేలా నాలుగైదు ఫోటోలు తీసి పెట్టుకోండి. రేపు ఎవరైనా అక్కడ కొబ్బరి మొక్క నాటాలని గుంత తవ్వితే ఆ ఫోటోలే కాపాడతాయి. పై నుంచి అరడుగు లోతులో, పైపు మీదుగా ఒక వరస ఇటుకలు పరిస్తే గడ్డపార ముందు ఇటుకకి తగులుతుంది.

నాకు రెండు విషయాలు చెప్పండి. ఔట్‌హౌస్‌కి వేరే మీటరు ఉందా, ఇంటి మీటరేనా? పొద్దున 6కి పింగ్ చేస్తే ఏం వచ్చింది? ఆ రెండూ తెలిస్తే రాగి కేబులా, ఫైబరా అన్నది తేల్చి, కొనాల్సిన వస్తువులు ఒక్కొక్కటీ రాసిస్తాను. తవ్వే రోజు ఏదైనా సందేహం వస్తే ఫోటో పెట్టండి, ఆ సాయంత్రమే చూసి చెబుతాను.